మడ అడవి పాయల్లో తెడ్డు పడవ: మీ ఊరి బృందాన్ని ఎలా మొదలుపెట్టాలి, ఎలా నడపాలి

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దగ్గరపడుతుంటే ఎడమ పక్కన కోరంగి మడ అడవి కనిపిస్తుంది. గౌతమి నుంచి చీలిన కోరంగి, గాడేరు పాయలు ఈ అడవిలోంచి మెలికలు తిరుగుతూ సముద్రంలో కలుస్తాయి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. వచ్చినవాళ్లలో చాలామంది చెక్క వంతెన మీద నడిచి, మర పడవలో ఒక చుట్టు తిరిగి వెళ్లిపోతారు. ఇంజను చప్పుడుకి పిట్టలన్నీ ముందే లేచిపోతాయి కాబట్టి వాళ్లకి కనిపించేది ఆకులు, నీళ్లు మాత్రమే. తెడ్డు వేసుకుంటూ వెళ్లే కయాక్‌లో అయితే నీటి కుక్కల గుంపు చేప నమిలే చప్పుడు కూడా వినిపిస్తుంది.

ఇలాంటి చోట పడవ విహారం, ప్రకృతి సంరక్షణ రెండూ చేసే చిన్న బృందం పెట్టుకోవాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చెప్పేది కోరంగి ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నా, నాగాయలంక వైపు కృష్ణా మడ అడవికి కూడా చాలావరకు సరిపోతుంది.

ముందు ఒక్క పాయను ఎంచుకోండి

కొత్తగా బృందం పెట్టిన ప్రతివాళ్లకీ ఈ నెల కోరంగి, వచ్చే నెల పాపికొండలు, ఆ పై నెల పులికాట్ అని తిరగాలనిపిస్తుంది. సరదా తీరుతుంది, కానీ ఆ నీటికి ఒరిగేదేమీ ఉండదు. మీకు దగ్గరలో ఉన్న ఐదారు కిలోమీటర్ల పాయ ఒకటి చూసుకుని, ఏడాది పొడవునా దాని దగ్గరికే వెళ్లండి. ఏ వంపు దగ్గర ఒడ్డు కోసుకుపోతోందో, ఏ చెట్టు మీద కొంగలు రాత్రికి చేరతాయో, ఏ రేవు దగ్గర చెత్త పెరుగుతోందో అప్పుడే తెలుస్తుంది. పోయిన జనవరికి ఈ జనవరికి తేడా చెప్పగలిగేది మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లే. కింద రాసిన పనులన్నీ ఈ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడి ఉన్నాయి.

అనుమతి అడగండి, తర్వాత రేవుకి వెళ్లండి

అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పడవ దించకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. అటవీశాఖ రేంజ్ కార్యాలయంలో తెలుగులోనే ఒక కాగితం రాసి ఇవ్వండి. ఎంతమంది, ఎన్ని పడవలు, ఏ పాయ, ఏ రోజులు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, బాధ్యత ఎవరిది అన్నవి అందులో ఉండాలి. పక్షుల లెక్క, చెత్త తీయడం లాంటి పనులు చేస్తామని రాసి, ఆ లెక్కలు వాళ్లకే అందజేస్తామని మాట ఇవ్వండి. అనుమతి వచ్చేదాకా ఊరి చెరువులో సాధన చేసుకోవచ్చు.

ఆ చెరువుకీ అడగాల్సినవాళ్లు ఉంటారు. మన ఊళ్లలో చాలా చెరువుల్లో చేపల హక్కు వేలం పాటలో ఎవరో ఒకరు పాడుకుని ఉంటారు. పంచాయతీతో పాటు ఆ పాటదారుడితో కూడా మాట్లాడకుండా దిగితే తగాదా తప్పదు, ఆ తగాదాలో న్యాయం ఆయన వైపే ఉంటుంది.

రేవుకి వెళ్లడం అన్నిటికంటే ముఖ్యం. ఆ పాయలో వేటాడే మత్స్యకారుల దగ్గరికి పడవలు లేకుండా, ఒట్టి చేతులతో ఒకటి రెండు సార్లు వెళ్లి కూర్చోండి. పెద్దాయన ఎవరైనా వల బాగుచేసుకుంటూ కనిపిస్తే "బాబాయ్, ఈ పాయలో పాటుకి నీళ్లు ఎక్కడిదాకా తీస్తాయి? మేము ఎటు పోకూడదు?" అని అడగండి. ఎక్కడ కర్రలు పాతి వలలు కట్టారో, ఎక్కడ బురద మోకాలు దాటి దిగబడుతుందో, ఏ మలుపులో సుడి తిరుగుతుందో ఆయన చెబుతారు. ఏ పటంలోనూ ఇవి ఉండవు. ఆ ఊరి కుర్రాళ్లలో ఒకరిని ప్రతి ప్రయాణానికీ దారి చూపేందుకు తీసుకెళ్లి, వేటకి వెళ్తే ఎంత వస్తుందో దానికి తగ్గకుండా కూలి ఇవ్వండి. ఉచితంగా రమ్మనకండి. వాళ్ల పిల్లలకి పడవ సరదా కాదు, బతుకు. మీ బృందంలో వాళ్లు సభ్యులుగా ఉంటేనే మీ మాటకు ఆ నీటి మీద విలువ.

పోటు, పాటు లెక్క నేర్చుకోండి

చెరువుకీ మడ అడవికీ అసలు తేడా ఇక్కడే ఉంది. కాకినాడ తీరంలో రోజుకి రెండు సార్లు పోటు, అంటే నీరు ఎక్కడం, రెండు సార్లు పాటు, అంటే నీరు తీయడం. పోటు నిండిన తర్వాత సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాలకి పాటు పూర్తవుతుంది. మర్నాడు అదే పోటు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి "ప్రతి ఆదివారం ఉదయం ఆరింటికి" అని ప్రకటించడం కుదరదు. బయల్దేరే సమయాన్ని నీరు నిర్ణయిస్తుంది.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీళ్లు బాగా ఎక్కి బాగా తీస్తాయి, ప్రవాహం జోరుగా ఉంటుంది. అష్టమి దరిదాపుల్లో ఎక్కడం, తీయడం రెండూ తక్కువ. కొత్తవాళ్లని అష్టమి వారంలోనే తీసుకెళ్లండి. ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండరే మీకు మొదటి పటం. గంటలు, నిమిషాలకి సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించే ఆటుపోట్ల పట్టికలు ఉన్నాయి. అలల ఎత్తు, గాలి, హెచ్చరికలకి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మత్స్యకారుల కోసం ఇచ్చే సమాచారం చూడండి.

పట్టికలో ఉన్నది ఓడరేవు దగ్గరి సమయం. పాయలో లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది. ఎంత ఆలస్యమన్నది ప్రతి పాయకీ వేరు. అందుకే మీ రేవు దగ్గర ఒక కర్ర పాతి, అడుగులు గీసి, వెళ్లిన ప్రతిసారీ ఏ గంటకి నీరు ఎక్కడ ఉందో రాసుకోండి. కొన్ని నెలలకి మీ పాయ లెక్క మీకే తెలిసిపోతుంది.

ఇరుకు పాయల్లోకి పోటు ఎక్కుతుండగానే వెళ్లాలి, నిండిన తర్వాత గంట లోపే బయటికి వచ్చేయాలి. పాటులో లోపల ఉండిపోతే నీరు తీసేసి, పడవ బురద మీద కూర్చుంటుంది. మళ్లీ పోటు వచ్చేదాకా గంటల తరబడి ఎండలో అక్కడే. దిగి నడుద్దామంటే బురద కాళ్లని పట్టేస్తుంది. అలా ఇరుక్కుంటే పడవ దిగకండి. తప్పనిసరిగా దిగాల్సి వస్తే రెండు చేతులతో పడవని పట్టుకుని, బరువంతా దాని మీద వేసి కదలాలి.

సముద్రపు గాలి పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది. ఎదురుగాలిలో అలసిన కొత్తవాళ్లు ముందుకు కదలలేరు. పోటు ఏ వేళకి వచ్చినా, పదకొండు లోపు రేవుకి చేరేలా కుదిరిన రోజులే ఎంచుకోండి. పాయ సముద్రంలో కలిసే మొగ దాటి బయటికి మాత్రం కొత్తవాళ్లతో వెళ్లనే వద్దు.

పడవలు, సామాను

మొదట్లో పైన కూర్చునే రకం ప్లాస్టిక్ కయాక్‌లు చాలు. పది పన్నెండు అడుగుల పొడవు, వెడల్పుగా ఉన్నవి. తిరగబడినా నీరు నిండి మునగవు, నీళ్లలోంచే మళ్లీ ఎక్కొచ్చు. లోపల కూర్చునే సన్నటి రకం వేగంగా పోతుంది కానీ కొత్తవాళ్లకి కాదు. డబ్బు తక్కువైతే పడవలు తగ్గించుకోండి, లైఫ్ జాకెట్ల దగ్గర మాత్రం తగ్గకండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం మన జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. జాకెట్ పడవలో ఉండటం వేరు, ఒంటి మీద ఉండటం వేరు.

వేసుకుని బకిల్స్ అన్నీ బిగించాక, వెనక నిలబడిన మనిషి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే అది మీ కొలత కాదు. ఈత వచ్చినవాళ్లకీ, దారి చూపే మత్స్యకార కుర్రాడికీ ఇదే నియమం. "నాకెందుకులే" అన్నవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా ఆ రోజు ఒడ్డునే.

మిగతా సామాను పెద్దగా ఏమీ లేదు. మెడలో ఈల, నీరు చొరని సంచి, పదిహేను మీటర్ల తాడు, మందుల పెట్టె, పడవకొకటి చొప్పున అదనపు తెడ్డు కాకపోయినా బృందానికి ఒకటి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు. కాళ్లకి ముందు మూసి ఉన్న చెప్పులు లేదా పాత కాన్వాసు బూట్లు తప్పనిసరి, ఎందుకంటే మడ వేళ్లకి అంటుకున్న గుల్లలు బ్లేడుల్లా కోస్తాయి. ఒడ్డున కొమ్మలు పట్టుకుని పడవ ఆపే అలవాటు మాన్పించండి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మంచినీళ్లతో బాగా కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

చెరువులో తిరగబడటం నేర్పండి

ముందుకి పోవడం ఎవరికైనా అరగంటలో వస్తుంది. చేతులతో లాగకుండా నడుము తిప్పి తెడ్డు వేయమని చెప్పండి, లేకపోతే రెండో కిలోమీటరుకే భుజాలు పట్టేస్తాయి. అసలు నేర్పాల్సింది పడటం, మళ్లీ ఎక్కడం.

నడుము లోతు నీళ్లలో కావాలనే పడవ తిప్పమనండి. పడ్డాక తెడ్డునీ పడవనీ వదలకూడదు. బోర్లా పడిన పడవని అడ్డంగా అవతలి అంచు పట్టుకుని తనవైపు లాగి తిప్పాలి. తర్వాత పడవ నడుమ భాగం దగ్గరికి వచ్చి, కాళ్లు నీటి పైకి తేలేలా తన్నుతూ, పొట్ట పడవ మీద పడేలా ఒక్క ఊపున ఎక్కాలి. అక్కడి నుంచి వెల్లకిలా తిరిగి కూర్చోవడమే. ఇంకో పడవ వచ్చి పక్కన ఆనుకుని పట్టుకుంటే చాలా తేలిక. నడుము లోతులో వచ్చాక, పక్కన ఇద్దరు ఉండగా లోతులో చేయించండి. ఇది చేయలేనివాళ్లని పాయలోకి తీసుకెళ్లకండి, మరోసారి చెరువుకే పిలవండి. బిడియపడే ఆడపిల్లలకి, పెద్ద వయసువాళ్లకి వేరే సమయం పెట్టి, వాళ్లలో నేర్చినవాళ్ల చేతే నేర్పించండి. మా అనుభవంలో ఇలా వచ్చినవాళ్లే ఎక్కువ కాలం బృందంలో నిలిచారు.

బయల్దేరే రోజు

నలుగురు కొత్తవాళ్లకి ఒక అనుభవం ఉన్న మనిషి ఉండాలి. అందరికంటే ముందు ఒక పడవ, అందరికంటే వెనక ఒక పడవ. ముందు పడవని ఎవరూ దాటకూడదు, వెనక పడవ ఎవర్నీ వదిలిపెట్టకూడదు. ఒక ఈల అంటే ఆగి నా వైపు చూడండి, మూడు ఈలలంటే ప్రమాదం. కొత్తవాళ్లు గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్తారు, పక్షులు చూస్తూ వెళ్తే ఇంకా తక్కువ. రానుపోను ఆరు కిలోమీటర్లు మొదటి రోజుకి చాలా ఎక్కువే.

ఒడ్డున ఉండే ఒకరికి పేర్ల జాబితా, తిరిగొచ్చే సమయం రాసి ఇవ్వండి. ఆ సమయానికి గంట దాటినా రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. అత్యవసరానికి 112, సముద్రం వైపు ఆపదకి కోస్ట్ గార్డ్ నంబరు 1554.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా చూసుకోవాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద కాలం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర పది లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంతకు ముందే గౌతమి పాయల్లో ప్రవాహం మన తెడ్డుకి లొంగదు. ఆ నెలల్లో చెరువు సాధన, సామాను బాగుచేత పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు, వాతావరణశాఖ కబురు చూడకుండా కదలొద్దు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా గాలి, ఎండ, పిట్టలు అన్నీ కలిసొచ్చే కాలం.

పక్షుల లెక్క

సంరక్షణ అనగానే అందరికీ మొక్కలు నాటడం గుర్తొస్తుంది. నేను మాత్రం లెక్కతో మొదలుపెట్టమంటాను. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. అందులో చేరాలంటే ముందు నెలల్లో అలవాటు కావాలి.

పాయ పొడవునా నాలుగైదు చోట్లు గుర్తు పెట్టుకుని, ఎప్పుడూ అక్కడే ఆగండి. ఒక పడవలో ఇద్దరు: ఒకరు బైనాక్యులర్‌తో చూసి చెప్పాలి, ఒకరు రాయాలి. పెద్ద గుంపైతే ముందు పది పిట్టల్ని లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో చూసుకుని, ఆ కొలతతో మిగతా గుంపుని పదుల్లో లెక్కించాలి. కొంగలు, నారాయణ పక్షి, లకుముకి పిట్టలు, నత్తగుల్ల కొంగ తొందరగానే పట్టుబడతాయి. బురద మీద పరుగులు పెట్టే ఉల్లంకి జాతుల దగ్గర అందరూ తడబడతారు. తెలియకపోతే "తెలియని ఉల్లంకి, సుమారు నలభై" అని రాయండి. ఊహించి పేరు రాసిన లెక్క ఎవరికీ పనికిరాదు. కాకినాడ తీరానికి చలికాలంలో ఇండియన్ స్కిమ్మర్లు వస్తాయి. పై ముక్కు కంటే కింది ముక్కు పొడుగ్గా ఉండి, ఎగురుతూనే దాన్ని నీళ్లలో ముంచి చేపని పట్టే పిట్ట. ప్రపంచంలోనే కొద్దిగా మిగిలిన జాతి. ఇది మన వాకిట్లో దిగుతోందన్న సంగతి కాకినాడలో ప్రతి బడి పిల్లాడికీ తెలియాలని నా కోరిక.

పోటు నిండినప్పుడు బురద మునిగి, పిట్టలన్నీ మిగిలిన ఇసుక దిబ్బల మీద గుంపుగా నిలబడతాయి. లెక్కకి మంచి సమయం, వాటికి మాత్రం విశ్రాంతి సమయం. దూరాన్నే ఆగండి. తలలెత్తి మీ వైపు చూడటం మొదలుపెడితే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం. సైబీరియా దాకా తిరిగి ఎగరాల్సిన పిట్ట కూడబెట్టుకున్న కొవ్వుని మన ఫొటో కోసం ఖర్చు పెట్టించకూడదు.

చేపలు పట్టి తినే బావురు పిల్లి ఎక్కువగా రాత్రి తిరుగుతుంది, పగలు మీకు కనిపించకపోవచ్చు. పాటులో బురద మీద అడుగులు కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, చోటు రాసుకోండి. జనవరి నుంచి మార్చి దాకా హోప్ ఐలాండ్ వైపు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ ఇసుక మీద మీరు దిగకండి. చనిపోయిన తాబేలు కనిపిస్తే ముట్టుకోకుండా చోటు, తేదీ, కాలికి లోహపు బిళ్ల ఉంటే దాని మీది సంఖ్య రాసి అటవీశాఖకి చెప్పండి.

చెత్త, వలలు

చెత్త తీయడానికి పాటు వేళ కాదు, పోటు నిండిన వేళ వెళ్లాలి. కొమ్మలకి చిక్కిన కవర్లు అప్పుడే చేతికందుతాయి, వేళ్ల మధ్య మెత్తటి నేల తొక్కే పని ఉండదు. ఒక పడవ ఖాళీగా ఉంచి, మిగతావాళ్లు ఏరింది అందులో వేయండి. రేవులో రకాలుగా విడదీసి తూచండి: నీళ్ల సీసాలు, మందు సీసాలు, షాంపూ పొట్లాలు, థర్మాకోల్, వల ముక్కలు. ఈ తూకం ఏటేటా ఉంటే ఏది ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది, పంచాయతీ ముందు మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. ముందే మాట్లాడుకుని పంచాయతీ చెత్త కేంద్రానికి చేర్చండి. రేవులో కుప్ప పోసి వెళ్తే వచ్చే అమావాస్య పోటు దాన్ని మళ్లీ పాయలోకే తీసుకెళ్తుంది.

నీళ్లలో కనిపించిన ప్రతి వలా వదిలేసిన వల కాదు. మీ వెంట వచ్చిన మత్స్యకారుడు "ఇది పాడు వల" అన్నదాకా కత్తి తీయకండి. ఒక కుటుంబం అప్పు చేసి కొన్న వలని శుభ్రం పేరుతో కోసేస్తే, ఆ రేవుకి మీరు మళ్లీ వెళ్లలేరు.

మొక్కలు నాటే ముందు నీటి దారి చూడండి

మడ మొక్కలు మీ అంతట మీరు నాటకండి, అటవీశాఖ పిలిచినప్పుడు వాళ్లు చూపిన చోటే నాటండి. ఖాళీ బురద కనిపించగానే అది పాడుబడ్డ నేల అనుకుంటాం, కానీ అదే ఉల్లంకి పిట్టలకి అన్నం దొరికే పొలం. నిజంగా అడవి పోయిన చోట కారణం చాలాసార్లు మొక్కలు లేకపోవడం కాదు. నేల కుంగి, పోటు నీరు నిలిచిపోయి, ఎండకి ఆవిరై, ఉప్పు పేరుకుపోతుంది. అంత ఉప్పులో మడ కూడా బతకదు. అందుకే కోరంగిలో అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ ఊరి జనంతో కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, పోటు వచ్చి పోయేలా చేసి, ఆ కాలువల గట్ల మీద మొక్కలు నాటించాయి. ఆ కాలువలు ఏటా ఒండ్రు పట్టి పూడుతుంటాయి. పూడిక తీసే రోజున పార పట్టుకుని వెళ్లడం, వంద మొక్కలు నాటి ఫొటో దిగడం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మేలు. 1839 తుఫానుకి కోరంగి రేవు పట్టణం ఎలా తుడిచిపెట్టుకుపోయిందో తెలిసినవాళ్లకి ఈ అడవి ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు.

తిరిగొచ్చాక

పడవలు, జాకెట్లు, బకిల్స్ మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. ఉప్పు, ఎండ రెండూ జాకెట్‌ని పాడు చేస్తాయి. ఇంటికి వెళ్లే ముందే రేవులో కూర్చుని పుస్తకంలో రాయండి: తేదీ, తిథి, బయల్దేరిన గంట, నీటి ఎత్తు, గాలి, పిట్టల లెక్క, చెత్త తూకం, ఎవరైనా పడ్డారా, ఎందుకు పడ్డారు. పిట్టల లెక్కని అదే రాత్రి పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టేయండి, మర్నాడు అంటే వారం పడుతుంది.

మార్చిలో ఏడాది లెక్కంతా రెండు పేజీల్లో తెలుగులో రాసి ఒక ప్రతి రేంజ్ కార్యాలయానికి, ఒకటి పంచాయతీకి ఇవ్వండి. మూడోది రేవులో అందరి ముందూ చదివి వినిపించండి. తప్పులుంటే మత్స్యకారులు అక్కడే చెబుతారు. అవి దిద్దాకే వచ్చే ఏడాది అనుమతి కాగితానికి ఆ రెండు పేజీలు జతపరచండి.